దాణా బస్తా కంటే ముందు గట్టు చూడండి

పిల్లలూ,

దాణా రేటు చూస్తే టెన్షన్ వస్తోంది, పాల బిల్లు సగం దానికే పోతోంది, ఇంకో రెండు బర్రెలు కొంటే గిట్టుబాటవుతుందా అని అడిగారు. ఇప్పుడే ఏదీ కొనకండి. మన దేవరకొండ దిక్కు వరిగడ్డికి కొదవ లేదు, బర్రె కడుపు నిండుతూనే ఉంది, తక్కువవుతున్నదల్లా మాంసకృత్తులు.

వరిగడ్డిలో అవి నూటికి 3, 4 పాళ్లే. గడ్డిని అరిగించేది బర్రె కాదు, దాని పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులు. మేతలో మాంసకృత్తులు సుమారు 7 శాతం కంటే తగ్గాయంటే ఆ జీవులకే తిండి చాలదు, తిన్న గడ్డి లోపల అట్లే ఉండిపోతుంది, బర్రె ముట్టె తిప్పేసుకుంటుంది, మనమేమో దానికి రోగమొచ్చిందనుకుంటాం. అదే అలసంద, పిల్లిపెసర, దశరథ గడ్డి, సుబాబుల్ ఆకు లాంటి పప్పుజాతి మేతల్లో ఎండు బరువు మీద 15 నుంచి 20 శాతం దాకా ఉంటాయి. పైగా యూరియా పెద్దగా అడగవు. నమ్మకపోతే నెల దాటిన అలసంద మొక్కను మట్టితో సహా మెల్లగా పెకిలించి, వేరుకున్న బుడిపెను గోటితో చిదమండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడుతున్నట్టే.

దీనికోసం ఎకరాలు అక్కర్లేదు. జొన్న రెండు సాళ్లకు ఒక సాలు అలసంద వేసి, పూత మీదున్నప్పుడు కోయండి, కాయ ముదిరితే కాడ పీచవుతుంది. గట్ల మీద దశరథ గడ్డి వేస్తే ఏళ్ల తరబడి కోతకొస్తుంది. దాని విత్తనం పైపొర గట్టి, మసలకముందే దించిన వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలు ముంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలి. ఇక పల్లికట్టె, కంది పొట్టు కూడా పప్పుజాతి మేతే, వాటిని బర్రెకు పెట్టకుండా అమ్ముకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవొద్దు. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషపదార్థం ఉంది, పచ్చిమేతలో మూడో వంతు దాటితే వెంట్రుకలు రాలతాయి. (హవాయిలో మేకల పొట్టలో దాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా దొరికితే ఆస్ట్రేలియా వాళ్లు తెచ్చి తమ పశువులకు ఎక్కించారు, తెలివంటే అదీ!) రెండోది ఉబ్బరం. తడి ఆరని లేత పచ్చిమేతను ఆకలి మీదున్న బర్రె ముందు కుప్పగా వేయొద్దు, ముందు ఎండుగడ్డి నాలుగు పరకలు తిననివ్వండి.

దాణా ఒక్కసారే ఆపకండి, పది పదిహేను లీటర్లిచ్చే బర్రెకు అది ఎలాగూ కావాలి. ముందు ఒక్క బర్రెకే, వారం పది రోజుల్లో మెల్లగా మేత మార్చి, పూటపూటా పాలు కొలిచి రాయండి, పాలకేంద్రం వాళ్లిచ్చే వెన్న శాతం చీటీలు కూడా దాచండి. ఆ లెక్క నాకు ఫోన్లో పంపితే బర్రెలు కొనాలా వద్దా అప్పుడు చెప్తాను.

మీ తాత