కొత్త బూటు కరిచి తీరాలా? అపోహలు - వాస్తవాలు

కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికై, వారంలో శిక్షణకు వెళ్లాల్సిన కుర్రాడొకడు మొన్న మా దుకాణానికి వచ్చాడు. చేతిలో కొత్త నల్ల తోలు బూట్లు, కాళ్లకు హవాయి చెప్పులు, రెండు మడమలకూ ప్లాస్టర్లు. బూట్లు మెత్తబడాలని రాత్రంతా బకెట్లో నానబెట్టాడట. మర్నాడు డాబా మీద ఎండబెట్టాడట. బిరుసెక్కేసరికి పావు సీసా కొబ్బరినూనె పట్టించాడట. ఒక్కో సలహా ఒక్కో పెద్దమనిషిది. ముప్పై ఏళ్లుగా బూట్లు కుడుతూ, బాగుచేస్తూ ఉన్నాను. ఈ మూడు వైద్యాలూ ఒకే జతకు జరగడం అదే మొదలు.

బూటంటే తోలేనని అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది. పైకి కనిపించేది తోలు. దాని లోపల వేళ్ల దగ్గరా, మడమ చుట్టూ గట్టి అట్టో ప్లాస్టిక్ రేకో దాగి ఉంటుంది. పాదం కింద ఇంకో అట్ట, దాని కింద సోలు, వీటిని పట్టి ఉంచే దారం, సొల్యూషన్. తోలుకు మంచిదైనది వీటికి మంచిది కాకపోవచ్చు.

అపోహ: కాస్త బిగుతుగా ఉన్నవి కొంటే వాడకంలో సాగుతాయి.

వాస్తవం: అడ్డంగా కొంత సాగుతాయి, నిలువునా సాగవు. ముందు వేళ్ల గట్టిముక్క, వెనక మడమ గట్టిముక్క, కింద సోలు కలిసి పొడవును బిగించేస్తాయి. మన దుకాణాల్లో కనిపించే 7, 8, 9 నంబర్లు బ్రిటిష్ కొలతవి. ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఎంత నానబెట్టినా అంత పొడవు రాదు. ఆ కుర్రాడి పాదం కొలిచి చూస్తే జబ్బు అదే: ఒక నంబరు తక్కువ కొన్నాడు. నానిన బూట్లను కొన్నచోట మార్చివ్వరు కదా!

కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, రోజంతా నడిచిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. రోజూ వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడండి. రెండు పాదాలూ సమానంగా ఉండేవాళ్లు తక్కువ, పెద్దదానికి సరిపోయేదే తీసుకోండి. పొడవైన వేలికి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి.

అపోహ: కొత్త బూటు కరవడం సహజం, ఓర్చుకోవాలి.

వాస్తవం: సగం నిజం. వేళ్ల వెనక మడతపడే చోట బిగువు, మడమ దగ్గర కొంచెం ఒరిపిడి ఉంటాయి, తగ్గుతాయి. వేళ్లు నొక్కుకుపోవడం, తిమ్మిరెక్కడం తగ్గవు. అది సైజు తప్పు.

తోలును లొంగదీసేది పాదంలోని వెచ్చదనం, లోపలి కాస్త చెమ్మ, ఒకేచోట పదేపదే వంగడం. తొలిరోజు మందపాటి మేజోళ్లతో, లేసులు సరిగ్గా బిగించి, ఇంట్లోనే అరగంట నడవండి. మర్నాడు గంట. రెండు వారాల్లో చాలా జతలు దారికొస్తాయి. మడమకు ప్లాస్టర్ బొబ్బ వచ్చాక కాదు, చర్మం ఎర్రబడకముందే వేయాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మధుమేహం ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవారికి బూటు కరిచినా తెలియదు. సాయంత్రం మేజోడు విప్పితే పుండు కనిపిస్తుంది. వాళ్లకు ఓర్పు పాఠాలు చెప్పకండి. మెత్తగా, బిగుతూ కాక మరీ వదులూ కాక సరిగ్గా సరిపోయేవే వేసుకోవాలి, రోజూ పాదాలు చూసుకోవాలి.

అపోహ: నీళ్లలో నానబెట్టి, తడిమీదే తొడుక్కుని తిరిగితే కాలికి అచ్చుపోసినట్టు కుదురుతుంది.

వాస్తవం: ఒకప్పుడు సైనికులు అలా చేసేవారని చెప్పుకుంటారు. ఇప్పటి బూట్లలో చాలావాటికి సోలు సొల్యూషన్‌తో అంటించిందే, లోపలిది అట్టే. నీళ్లకు అట్ట ఉబ్బి వంకర పోతుంది, అంటు వదులవుతుంది. తోలు తయారీలో ఎక్కించిన నూనె కొంత నీళ్లతో పోతుంది. ఆరేటప్పుడు పోగులు ఒకదానికొకటి అతుక్కుని బిరుసెక్కుతాయి. తడితోలుకు ఎండ వేడి తగిలితే ముడుచుకుని పగులుతుంది కూడా. వానలో తడిస్తే పాత వార్తాపత్రికలు కుక్కి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ, నీడలో ఫ్యాను గాలికి ఒకటి రెండు రోజులు వదిలేయండి.

అపోహ: నూనె పట్టిస్తే తోలు మెత్తబడుతుంది.

వాస్తవం: ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, మా ఇంట్లోనే పుట్టింది. మా నాన్న కిర్రు చెప్పులు కుట్టేవారు. ఊళ్లో లందలో, అంటే పచ్చితోలును నానబెట్టి పదును చేసే తొట్టిలో, తంగేడు చెక్క, కరక్కాయలతో ఊనిన తోలు అది. మందం, గట్టిదనం ఎక్కువ, పైపూత ఏదీ ఉండదు. దానికి ఆముదం పడితే పీల్చుకుని మెత్తబడేది, నీటికీ కొంత ఓర్చుకునేది. ఆ చెప్పుకు ఆముదమే సరైన మందు.

మీ బూటు తోలు దాదాపు ఖాయంగా క్రోమియం లవణాలతో ఊనినది, పైన రంగుపూత ఉన్నది. అవసరమైన నూనె అందులో ముందే ఉంది. మీరు పోసే కొబ్బరినూనె పోగులను మరీ వదులు చేస్తుంది, దుమ్మును పట్టుకుంటుంది, పాలిష్‌ను నిలవనివ్వదు, చలికాలంలో తెల్లగా పేరుకుంటుంది. రెండు మూడు నెలలకోసారి తోలు క్రీము బఠాణీ గింజంత తీసుకుని గుడ్డతో రుద్దితే చాలు.

అపోహ: రోజూ పాలిష్ చేస్తే తోలుకు పోషణ.

వాస్తవం: డబ్బా పాలిష్‌లో ఉండేది మైనం, రంగు, వాటిని కరిగించే టర్పెంటైన్ లాంటి ద్రవం. అది పైపైన మెరుపు, కాస్త కాపుదల. పాతపొర తీయకుండా పొరమీద పొర వేస్తే మడతల దగ్గర పెళుసుగా పగులుతుంది. అద్దంలా మెరవాలని నీటిచుక్కతో రుద్ది రుద్ది చేసే పాలిష్ కూడా బూటు ముక్కుకూ మడమకూ మాత్రమే, వంగే చోట కాదు. రోజూ చేయాల్సింది బ్రష్‌తో దుమ్ము దులపడం.

డబ్బాలో మైనం కరగడానికి అగ్గిపుల్ల గీసి పెట్టే అలవాటు హాస్టళ్లలో ఇంకా ఉంది. ఆ ద్రవం భగ్గున మండుతుంది. దయచేసి మానండి.

అపోహ: డబ్బాలో దాచుకుంటే కొత్తగానే ఉంటాయి.

వాస్తవం: ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే వానాకాలంలో బూజు పడుతుంది, అది తుడిస్తే పోతుంది. తుడిస్తే పోనిది సోలు సంగతి. పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన సోలు గాలిలోని తేమకు ఏళ్ల తరబడి లోలోపల విడిపోతూ ఉంటుంది. వాడినా, వాడకపోయినా. పెళ్లికి కొని, నాలుగైదేళ్లు బీరువాలో దాచి, తమ్ముడి పెళ్లికి తొడుక్కున్న ఒకాయన, మండపం గడప దాటేలోగా సోలంతా రొట్టెముక్కల్లా రాలిపోయిందని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. పైతోలు నిగనిగలాడుతోంది. రబ్బరు సోలు వేసి పంపాను, దానికి ఈ జబ్బు లేదు.