వంద వాట్ల బల్బు వేస్తే పెరిగేది వెలుగు కాదు, వేడి

"అన్నా, రాత్రిపూట రోడ్డు కనపడట్లేదు. వంద వాట్ల బల్బులు వేసెయ్." షాపుకి పాత కారు వచ్చిందంటే ఈ మాట వినాల్సిందే. మారుతీ 800, పాత ఆల్టో, శాంత్రో, వ్యాగన్‌ఆర్, బండి ఏదైనా కోరిక ఇదే. పొద్దుగూకాక బండి తీయాలంటే భయపడే పెద్దవాళ్ళు అడిగితే నాకు కోపం రాదు. ఎదురు లారీ లైట్లకి కళ్ళు చెదిరి, సైకిల్ మీద పోయేవాడు ఆఖరి నిమిషంలో కనపడితే ఎవరికైనా గుండె జారుతుంది. నా కోపమల్లా వాళ్ళకి ఈ సలహా ఇచ్చి పంపే తెలిసినవాళ్ళ మీద.

అపోహ: వెలుగు తగ్గిందంటే బల్బు వాట్లు చాలట్లేదు.

బండి కొత్తగా వచ్చినప్పుడూ ఇదే 60/55 వాట్ల (హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55) హెచ్4 రకం హాలోజన్ బల్బు. అప్పుడు రోడ్డంతా కనపడింది కదా! మరి ఇప్పుడేమైంది? బల్బు దాకా కరెంటు సరిగ్గా రావట్లేదు. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉంటుంది. అది ఫ్యూజు, స్టీరింగ్ కింది కాంబినేషన్ స్విచ్, పాత వైరు, తుప్పు పట్టిన ఎర్త్ (బండి బాడీకి కలిపే వైరు), లూజైన కప్లర్ (బల్బు కాళ్ళు దూరే ప్లాస్టిక్ ప్లగ్గు) అన్నీ దాటి బల్బు కాళ్ళ దగ్గరికొచ్చేసరికి పన్నెండున్నరే మిగిలితే, పోయింది వోల్టున్నరే కదా అనుకోకండి. వోల్టేజీ పది శాతం తగ్గితే హాలోజన్ బల్బు వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది.

ఆ స్థితిలో వంద వాట్ల బల్బు పెట్టడమంటే, సగం పూడిపోయిన పైపుకి ఇంకా పెద్ద మోటారు బిగించడమే. లెక్క చూడండి. 60 వాట్ల బల్బుకి 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు. వందకి 8 పైనే. అలాంటివి రెండు. వైరులో, కప్లర్‌లో పుట్టే వేడి కరెంటుతో పాటు అంతే పెరిగి ఊరుకోదు, వర్గంలో పెరుగుతుంది. అంటే రెండున్నర రెట్లు దాటుతుంది. చాలా పాత చిన్న కార్లలో హెడ్‌లైట్‌కి రిలే (పెద్ద కరెంటుని తన మీదుగా పోనిచ్చే విడి స్విచ్) ఉండదు, ఆ కరెంటంతా స్టీరింగ్ కింది స్విచ్‌లోంచే పోవాలి. ఆ స్విచ్ మాడిందంటే దాని ఖరీదు బల్బుకి ఎన్నో రెట్లు.

ఒక రిటైరైన మాస్టారు బండి తెచ్చారు. హై బీమ్ కొడుతుంటే వెలిగి ఆరుతోందట, లోపల ప్లాస్టిక్ కాలిన వాసనట. ఎక్కడో 100/90 బల్బులు వేయించారు. ఫ్యూజు కొట్టేస్తుంటే అక్కడే దాన్ని తీసి పెద్ద ఫ్యూజు పెట్టారు. ఫ్యూజు ఉండేది వైరుని కాపాడటానికి, బల్బుని వెలిగించడానికి కాదు బాబూ! రబ్బరు బూటు తీసి కప్లర్ లాగితే రాలేదు, బల్బు కాళ్ళకి కరుచుకుపోయింది. తెల్ల ప్లాస్టిక్ ముదురు గోధుమరంగుకి తిరిగింది, మూడు రంధ్రాల్లో ఒకటి కరిగి మూసుకుపోయింది. వైరు వంచితే పైతొడుగు పెంకుల్లా రాలింది. "రేపు పిల్లల్తో శ్రీశైలం ఘాట్ ఎక్కాలి నాయనా" అన్నారాయన. ఆయన్ని ఏమంటాం? రెండు సిరామిక్ హోల్డర్లు, బ్యాటరీ నుంచి నేరుగా మందం వైరుతో రిలే కిట్టు, దానికి సరైన ఫ్యూజు, ఎర్త్ బోల్టు విప్పి గరుకు కాగితంతో తెల్లగా రుద్ది మళ్ళీ బిగింపు, మామూలు 60/55 బల్బులు. చీకటి పడ్డాక గోడకేసి వెలిగించి చూపిస్తే, "ఎన్ని వాట్లు వేశావు?" అన్నారు. అరవై అంటే నమ్మలేదు. బల్బు డబ్బా చేతిలో పెట్టాను.

కాబట్టి ముందు కొలిపించండి. ఇంజిన్ నడుస్తూ, లైటు వెలుగుతూ ఉండగా మల్టీమీటర్ రెండు ముళ్ళూ కప్లర్ వెనక నుంచి బల్బు కాళ్ళకి తగిలించాలి. బల్బు పీకేసి కొలిస్తే వోల్టేజీ నిండుగా కనపడుతుంది, మోసపోతారు. బ్యాటరీకీ దీనికీ అర వోల్టు తేడా ఉంటే పర్లేదు. వోల్టు దాటితే వైరింగ్ పని చేయించండి, బల్బు జోలికి పోవద్దు. వోల్టేజీ బాగానే ఉండీ వెలుగు లేదంటే రిఫ్లెక్టర్ (బల్బు వెనక మెరిసే గిన్నె) పూత పోయిందేమో, లైటు పైన ప్లాస్టిక్ పచ్చబడిందేమో చూడండి. టూత్‌పేస్ట్ రుద్దితే మెరుస్తుంది, నిజమే. పైన ఎండ నుంచి కాపాడే యూవీ కోటింగ్ వేయకపోతే మళ్ళీ పచ్చబడుతుంది.

ఎల్‌ఈడీ వేస్తే సరిపోతుందిగా అంటారు. హెచ్4 బల్బులో లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు గిన్నె ఉంటుంది. వెలుగు పైకి ఎగరకుండా ఆపేది అదే. రిఫ్లెక్టర్ తయారైంది కూడా ఆ ఫిలమెంటు ఉండే చోటుని బట్టే. మార్కెట్లో దొరికే ఎల్‌ఈడీల్లో చాలావాటికి ఆ కొలత కుదరదు. ముందు పది అడుగులు తెల్లగా మెరుస్తుంది, దూరం కనపడదు, ఎదుటివాడికి కళ్ళు పోతాయి. నీలం పూత బల్బులు ఇంకా దండగ. ఆ పూత ఉన్న వెలుగునే కొంత మింగేస్తుంది.

హాలోజన్ గాజు ముట్టుకుంటే పేలిపోతుందా? పేలుతుందని కాదు గానీ, వేలి జిడ్డు అంటినచోట గాజు దెబ్బతిని బల్బు త్వరగా పోతుంది. ముట్టుకున్నారా, స్పిరిట్‌తో తుడిచి పెట్టండి, పారేయక్కర్లేదు. పార్కింగ్, బ్రేక్, ఇండికేటర్ల మామూలు బల్బులకి ఆ బెంగే లేదు.

ఇండికేటర్ టకటకా కొట్టుకుంటే ఫ్లాషర్ (దాన్ని వెలిగించి ఆర్పే డబ్బీ) పోయిందని కొత్తది కొనకండి. చాలా బండ్లలో ఆ పక్క బల్బు ఒకటి పోయిందని అర్థం. అక్కడ ఎల్‌ఈడీ వేసినా, కరెంటు తక్కువ లాగుతుంది కాబట్టి అలాగే కొట్టుకుంటుంది. తెల్ల గ్లాసు ఇండికేటర్‌కి నారింజ బల్బే కొనండి, మామూలు దానికి రంగు పూయించొద్దు.

బ్రేకు నొక్కితే పార్కింగ్ లైట్లు కూడా వెలుగుతున్నాయా? బ్రేకుకీ పార్కింగ్‌కీ విడివిడిగా కరెంటిచ్చే డబుల్ కాంటాక్ట్ హోల్డర్‌లో ఎవరో సింగిల్ కాంటాక్ట్ బల్బు కుక్కి ఉంటారు, లేదా ఎర్త్ పోయింది. అక్కడ ఉండాల్సిన 21/5 బల్బుకి (బ్రేకుకి 21 వాట్లు, పార్కింగ్‌కి 5) రెండు పక్కల పిన్నులూ ఒక ఎత్తులో ఉండవు, తిప్పి చూసి పెట్టాలి. దిగకపోతే బలవంతం చేయకండి. బ్రేక్ బల్బు పోయిందని చెప్పే దీపం పాత బండ్ల డాష్‌బోర్డులో ఉండదు. అందుకే రాత్రి ఇంటి గోడకి వెనక్కి ఆనించి పెట్టి, బ్రేకు తొక్కి అద్దంలో చూసుకోండి. గోడ మీద ఎరుపు రెండు పక్కలా సమానంగా పడాలి.