కాల్పుల గేమ్‌లు, మన పిల్లలు: అపోహలు - వాస్తవాలు

మొన్న శనివారం ఒకావిడ కుర్చీలో కూర్చోకముందే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్క్రీన్ పగిలిన ఫోన్ తీసి నా టేబుల్ మీద పెట్టారు. "మేడమ్, ఈ కాల్పుల ఆట వల్లే మావాడు ఇలా అయిపోయాడు, రేపు ఎవర్నైనా పొడిచినా పొడుస్తాడు" అని ఏడ్చేశారు. పిల్లల సైకాలజిస్టుగా ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ తల్లి భయం చూస్తే నిజంగా కడుపు తరుక్కుపోతుంది. ఆ భయాన్ని పెంచి పోషించే వాట్సాప్ ఫార్వర్డులు చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

అపోహ: తుపాకుల గేమ్ ఆడితే పిల్లలు హంతకులవుతారు.

వాస్తవం: అలా అనడానికి ఆధారాలు చాలవు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో హింస ఉన్న గేమ్‌లపై తన తీర్మానాన్ని సవరించుకుంటూ చెప్పింది ఇదే: అరవడం, తొయ్యడం లాంటి దురుసుతనంతో ఈ గేమ్‌లకు కొద్దిపాటి సంబంధం కనిపిస్తోంది, కానీ అసలు హింసకు గేమ్‌లే కారణమనలేం. 2019లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 14, 15 ఏళ్ల బ్రిటన్ పిల్లలు సుమారు వెయ్యిమందిని, వాళ్ల తల్లిదండ్రుల్ని కూడా అడిగి చూస్తే ఆ కొద్దిపాటి సంబంధం కూడా దొరకలేదు. ల్యాబుల్లో దూకుడును ఎలా కొలుస్తారంటే, ఆట అయ్యాక అవతలివాడికి ఎంత పెద్ద శబ్దం వినిపించాడు, ఎంత కారం సాస్ పోశాడు అని. దాన్ని పట్టుకుని కత్తిపోట్ల దాకా వెళ్లిపోతే ఎలా?

ఈ ఒక్క అపోహ ఖరీదు ఎంతో నేను కళ్లారా చూశాను. ఇంటర్ ఫస్టియర్ కుర్రాడు (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను), దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చి మళ్లీ వెళ్లలేదు. ఆట మధ్యలో నాన్న ఫోన్ లాక్కుంటే ఆయన్ని తోసేసి బీరువా అద్దం పగలగొట్టాడు. ఇక ఇంట్లోవాళ్లు గేమ్ తీసేయించారు, తాయెత్తు కట్టించారు, ఐదు నెలలు అలాగే గడిపేశారు. మూడోసారి వచ్చినప్పుడు ఫోన్ వాడి చేతికిచ్చి "ఎలా ఆడతావో నాకు చూపించు నాన్నా" అన్నాను. వాడు గేమ్ లోపలికి వెళ్లగానే ఎవరో "అన్నా, ఎక్కడికి పోయినవ్ ఇన్ని రోజులు?" అన్నారు. ఆ మ్యాచ్‌లో వాడు ఒక్కర్నీ కాల్చలేదు. పడిపోయిన టీమ్‌మేట్‌ను లేపడానికి పొగ బాంబు వేసి, ఆ పొగలోంచి పాక్కుంటూ వెళ్లాడు. తర్వాత మెల్లగా చెప్పాడు, హాస్టల్ గదిలో ఎవరూ వాణ్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు కాదని, అప్పట్నుంచీ నిద్ర లేదని. వాడికున్నది డిప్రెషన్. మాట్లాడే మనుషులు ఉన్న చోటు ఆ గేమ్ ఒక్కటే, మనవాళ్లు ముందు దాన్నే తీసేశారు.

పిలిస్తే అన్నానికి రాడు, అరుస్తాడు అంటారు. ఆన్‌లైన్ మ్యాచ్‌ను మధ్యలో ఆపడం కుదరదు, అరగంట దాకా పట్టొచ్చు, వదిలేసి వస్తే టీమ్ వాణ్ని తిడుతుంది. "ఇది అయ్యాక ఫోన్ పక్కన పెట్టేయాలి" అని ముందే చెప్పి చూడండి.

ప్రభుత్వం పబ్జీని హింస వల్లే బ్యాన్ చేసిందంటారు. కాదు, 2020 సెప్టెంబర్‌లో చెప్పిన కారణాలు దేశ భద్రత, డేటా.

ఎక్కువ ఆడితే అడిక్షనేనా? గంటలు లెక్కపెట్టి తేల్చేది కాదండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం ఆట మీద అదుపు తప్పాలి, మిగతావన్నీ దాని వెనక్కి పోవాలి, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవాలి, ఇదంతా మామూలుగా ఏడాది పాటు కనిపించాలి. సెలవుల్లో పదిరోజులు ఆడితే ఆ లెక్కలోకి రాదు.

అలాగని ఏడేళ్ల పిల్లాడికి ఈ గేమ్‌లు ఇవ్వమని నేను చెప్పడం లేదు. ప్లే స్టోర్‌లో వయసు రేటింగ్ ఉంటుంది, డౌన్‌లోడ్ చేసే ముందు చూడండి.

శనివారం వచ్చినావిడను నేను ఒక్కటే అడిగాను, "మీవాడు ఎవరితో ఆడతాడమ్మా?" అని. ఆవిడకు తెలియదు. ఈ వారం అదొక్కటి కనుక్కుని రమ్మన్నాను. కానీ పిల్లాడు చచ్చిపోతానని అన్నా, తన్ను తాను గాయపరచుకుంటున్నా వారం ఆగొద్దు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం.