ఒసాకా పార్కు: యజమానులు మారారు, రైడ్లూ మారాయి

జపాన్‌లోని ఒసాకా నగరంలో ఉన్న యూనివర్సల్ స్టూడియోస్ జపాన్ అనే థీమ్ పార్కుకు వెళ్లేవాళ్లలో చాలామంది ఇప్పుడు గేటు తెరవగానే మారియో లోకం వైపు పరుగు తీస్తారు. పెద్ద ఆకుపచ్చ గొట్టంలోంచి నడిచి వెళ్తే వీడియోగేమ్‌లోని కొండలు, ఇటుకలు, నాణేలు చుట్టూ నిజంగానే కనిపిస్తాయి. చేతికి కట్టుకునే బ్యాండు విడిగా కొనుక్కుంటే, ప్రశ్నార్థకం గుర్తున్న పెట్టెను గుద్దిన ప్రతిసారీ ఫోన్‌లోని యాప్‌లో నాణెం చేరుతుంది. మారియో కార్ట్ రైడ్‌లో తలకు పెట్టుకునే అద్దాల్లో ప్రత్యర్థులు కళ్లముందే తిరుగుతుంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లే ఆటగాళ్లయ్యే ఇలాంటివాటిని ఇమ్మర్సివ్ ఆకర్షణలు అంటున్నారు.

2001 మార్చి 31న మొదలైనప్పుడు ఈ పార్కు ఇలా లేదు. అప్పటికీ ఇప్పటికీ వచ్చిన తేడాను చాలామంది టెక్నాలజీ ఖాతాలో వేస్తారు. నాకు మాత్రం అంతకన్నా పెద్ద కారణం యాజమాన్యమే అనిపిస్తుంది. డబ్బు ఎవరిది, నష్టం వస్తే భరించేది ఎవరు, పాత్రల మీద హక్కులు ఎవరివి అన్నవే ఇక్కడ ఏ రైడ్ కట్టాలో, ఏది మూసెయ్యాలో తేల్చాయి.

అసలు ఒసాకాకు ఈ పార్కు ఎందుకు కావాల్సి వచ్చింది? సముద్రతీరాన ఉన్న కొనోహనా వార్డు ఒకప్పుడు భారీ పరిశ్రమల ప్రాంతం. ఆ పరిశ్రమలు వెనకబడ్డాక అంత విశాలమైన స్థలాన్ని ఏం చెయ్యాలన్న ప్రశ్న నగరం ముందు నిలిచింది. అప్పట్లో యూనివర్సల్ స్టూడియో మాతృసంస్థ ఎంసీఏను 600 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది ఒసాకా ప్రాంతానికే చెందిన మత్సుషిత ఎలక్ట్రిక్, అంటే నేటి పానాసోనిక్. 1995లో మత్సుషిత అందులో 80 శాతం వాటాను కెనడా కంపెనీ సీగ్రామ్‌కు అమ్మేసినా ఒసాకా పథకం ఆగలేదు. పార్కు నడిపే కంపెనీలో 25 శాతం వాటాతో నగరపాలక సంస్థే అతిపెద్ద వాటాదారుగా నిలిచింది. మొదటి రిస్కు తీసుకున్నది ప్రజల డబ్బు. తర్వాతి విజయగాథల్లో ఈ మాట అంతగా వినపడదు.

మన దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ చూసినవాళ్లకు తొలినాళ్ల ఒసాకా పార్కును ఊహించుకోవడం సులువు. సినిమా ఎలా తీస్తారు, మంటలు ఎలా పుట్టిస్తారు, సొరచేప నీళ్లలోంచి ఎలా లేస్తుంది లాంటి తెరవెనక రహస్యాలే అక్కడి ప్రధాన ఆకర్షణ. మొదటి ఏడాది 1.1 కోట్ల మంది వచ్చారు. రెండో ఏడాదే అంతా తలకిందులైంది. 2002లో గడువు దాటిన ఆహార పదార్థాలు వాడారని, తాగునీటి కుళాయికి పరిశ్రమల నీటి పైపు కలిసిపోయిందని, ప్రదర్శనల్లో అనుమతికి మించి మందుగుండు వాడారని వరసగా బయటపడింది. సందర్శకుల సంఖ్య 76 లక్షల దగ్గరికి పడిపోయింది. ఆ దెబ్బ నుంచి పార్కు ఏళ్ల తరబడి కోలుకోలేదు.

అప్పుల బరువు పెరిగాక బయటి డబ్బు తప్పలేదు. 2004లో అమెరికన్ గ్లెన్ గంపెల్ అధ్యక్షుడయ్యారు. 2005లో అమెరికా పెట్టుబడి బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్ పెట్టుబడితో వచ్చింది. 2007లో కంపెనీ టోక్యో స్టాక్ మార్కెట్‌లోకి వెళ్లి, 2009లో గోల్డ్‌మన్ నడిపించిన కొనుగోలుతో మళ్లీ బయటికి వచ్చేసింది. నగరం కోసం పుట్టిన సంస్థ ఎనిమిదేళ్లలో పెట్టుబడి నిధుల చేతుల్లోకి వెళ్లిపోయింది. ఇందులో నాకు కొంత బాధ ఉంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి: ఆ తర్వాత తీసుకున్నంత పెద్ద రిస్కును ఏ నగరపాలక సంస్థా తీసుకునేది కాదు.

ఆ రిస్కు పేరు హ్యారీ పోటర్, అంటే ఆ మాంత్రిక కథల లోకాన్ని పార్కులో కట్టడం. 2010లో సబ్బులు, షాంపూల కంపెనీ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ నుంచి వచ్చి మార్కెటింగ్ బాధ్యత తీసుకున్న త్సుయోషి మొరియోకా దీనికి గట్టిగా పట్టుబట్టారు. ఖర్చు 4,500 కోట్ల యెన్లు. అప్పటి కంపెనీ ఏడాది అమ్మకాలే దాదాపు 8,000 కోట్ల యెన్లు. అది కట్టేలోగా చేతిలో డబ్బు లేదు, కానీ జనం మాత్రం రావాలి. అందుకే 2011లో హాలోవీన్ రాత్రులు పెట్టి జాంబీలను వీధుల్లోకి వదిలారు. సెట్టింగు ఖర్చు తక్కువ, భయం నిజం. 2013లో, అప్పటికే ఉన్న రోలర్ కోస్టర్‌నే వెనక్కి నడిపారు. కొత్త పట్టాలు వెయ్యకుండానే తొమ్మిది గంటలు దాటే క్యూలు ఏర్పడ్డాయి. నా దృష్టిలో ఈ పార్కు చరిత్రలో అతి తెలివైన పని అదే.

2014 జూలై 15న హ్యారీ పోటర్ చదివిన హాగ్వర్ట్స్ కోట తెరుచుకుంది. సినిమా ఎలా తీశారో చూపించడం వెనక్కి పోయింది. మంత్రదండం పట్టుకుని కథలో నడవడం ముందుకొచ్చింది. 2016 ఆర్థిక సంవత్సరానికి సందర్శకులు 1.46 కోట్లకు చేరారు.

గెలుపు కనపడగానే మళ్లీ చేతులు మారాయి. యూనివర్సల్‌ను సొంతం చేసుకున్న అమెరికా కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్ 2015లో 150 కోట్ల డాలర్లిచ్చి ఒసాకా పార్కులో 51 శాతం వాటా కొంది. మిగిలిన 49 శాతానికి 2017లో 230 కోట్ల డాలర్లు పెట్టింది. రెండేళ్లలోనే చిన్న వాటా ధర పెద్ద వాటా ధరను దాటిపోయింది. పార్కుకు పెరిగిన విలువ ఇంతకన్నా స్పష్టంగా మరెక్కడా కనిపించదు. ఆ లాభం మాత్రం మధ్యలో వచ్చి వెళ్లిన నిధులకే దక్కింది.

కామ్‌కాస్ట్ రాకతో పాత్రల హక్కుల లెక్క కూడా మారింది. 2016లో బ్యాక్ టు ద ఫ్యూచర్ సినిమా రైడ్ మూసేసి, 2017లో ఆ స్థలంలో మినియన్లను తెచ్చారు. యానిమేషన్ సినిమాల్లోని ఈ పసుపు రంగు బుడతలు యూనివర్సల్ సొంత సరుకు. 2004 నుంచి జనం ఎగబడ్డ స్పైడర్‌మ్యాన్ రైడ్ 2024 జనవరిలో ఆగిపోయింది. స్పైడర్‌మ్యాన్‌ను సృష్టించిన మార్వెల్ 2009 నుంచి డిస్నీ చేతిలో ఉంది. ప్రత్యర్థి పాత్రను ఎంతకాలం మొయ్యాలన్న ఆలోచన ఏ యజమానికైనా సహజమే. పక్కనే క్యోటోలో ఉన్న, మారియో ఆటల కంపెనీ నింటెండోతో కుదిరిన ఒప్పందం ఈ లోటు తీర్చింది. మారియో లోకానికి 6,000 కోట్ల యెన్లకు పైగా ఖర్చయింది. కోవిడ్ వల్ల ఆలస్యమై 2021 మార్చి 18న అది తెరుచుకుంది. 2024 డిసెంబరులో నింటెండో మరో ఆట డాంకీ కాంగ్ భాగం కూడా కలిసింది.

ఇంత ఖరీదైన లోకాలకు బిల్లు కట్టేది టికెట్ కొనే కుటుంబమే. 2001లో పెద్దలకు ఒక రోజు టికెట్ 5,500 యెన్లు. 2019 నుంచి రద్దీని బట్టి ధర మారే పద్ధతి పెట్టారు. రద్దీ రోజుల్లో అది ఇప్పుడు 10,000 యెన్లు దాటుతోంది. క్యూ తప్పించుకునే ఎక్స్‌ప్రెస్ పాస్ ధర దీనికి అదనం.

కంపెనీ పూర్తిగా కామ్‌కాస్ట్‌ది అయ్యాక ఏటా ఎంతమంది వస్తున్నారో అధికారికంగా చెప్పడం మానేసింది. 2023లో 1.6 కోట్ల మంది వచ్చి ఉంటారన్నది పరిశ్రమ సంఘం అంచనా మాత్రమే. స్టాక్ మార్కెట్‌లో లేని ప్రైవేటు కంపెనీకి ఆ లెక్క బయటపెట్టాల్సిన అవసరం లేకపోవచ్చు. కానీ ఈ పార్కు కోసం మొదట డబ్బు పెట్టిన ఒసాకా ప్రజలకు ఆ సంఖ్య తెలుసుకునే హక్కు ఉందని నేను గట్టిగా నమ్ముతాను.