పద్దులు చూసే మనిషికి ఓట్లెందుకు?

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

న్యూయార్క్ ఎన్నికల వార్తలో మేయర్‌తో పాటు కంప్ట్రోలర్ అని ఇంకొకాయన కూడా గెలిచాడని ఉంది కదా, ఆయన నగరం లెక్కలు చూస్తాడట కదా, "లెక్కలు చూసేవాడికి ఓట్లెందుకు తాతయ్యా, పరీక్ష పెట్టి తీసుకుంటే సరిపోదా?" అని బుజ్జి అడిగింది. ఫోన్లో తెమిలే జవాబు కాదు కనక ఉత్తరం రాస్తున్నాను. పరీక్షలు పాసై వచ్చినవాళ్లు ఆ ఆఫీసులో వందల మంది ఉన్నారమ్మా. వాళ్లందరి పైన కూర్చునే ఒక్కరికి మాత్రం ఊరంతా ఓటేస్తుంది. 2025 నవంబర్ 4న అలా గెలిచినాయన మార్క్ లెవీన్. ఆయనకు ముందు బ్రాడ్ లాండర్. పదవి నాలుగేళ్లు, వరసగా రెండుసార్లకు మించి కుదరదు.

ఒక పెళ్లిల్లు తలచుకోండి. ఏ వంటాయన్ని పిలవాలి, ఎంతమందికి శుభలేఖలు పంచాలి, పందిరి ఎంత వెయ్యాలి, ఇవన్నీ పెళ్లికూతురి తండ్రి తేలుస్తాడు. డబ్బు సంచీ, చిట్టా పుస్తకం మాత్రం మేనమామ చేతిలో ఉంటాయి. వంటాయన వచ్చి "బియ్యం అయిపోయాయండీ, ఇంకో బస్తా" అంటే మేనమామ సామాన్ల గది దాకా వెళ్లి ఖాళీ గోనెలు లెక్కపెట్టి వస్తాడు. పూలవాడు వంద మూరలని చీటీ ఇస్తే రెండు దండలు తీసి మూరవేసి చూస్తాడు. లడ్డూయా మైసూర్‌పాకా అన్నది ఆయన ఊసు కాదు. తండ్రి ఆయన్ని అడక్కుండా ఇంకో వంద మందిని పిలిచేసినా ఆపలేడు. పుస్తకంలో రాస్తాడు, అందరూ కూర్చున్నప్పుడు పైకి చదువుతాడు.

వెనకటి ఐదురోజుల పెళ్లిళ్లలో ఈ పుస్తకం రాసే మనిషిని ముహూర్తంతో పాటే ఖాయం చేసుకునేవారు. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. విస్తరాకుల కట్టలు, పెట్రోమాక్స్ లైట్లకు కిరసనాయిలు, మేళంవాళ్ల బత్తెం, ఏదీ వదిలేది లేదు. రాత్రి పడుకునేముందు నిల్వ తేల్చి కింద గీత గీసేవారు. గీత గీశాక పైన దిద్దకూడదు, తప్పు దొరికితే మర్నాటి పేజీలో కొత్త పద్దు రాయాలి. ఎందుకో తెలుసా? కొట్టేసి దిద్దిన అంకె చూస్తే ముందు ఎంత ఉండేదో, ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. మీరు కంప్యూటర్లో లెక్కలు రాసినా ఈ పద్ధతే పెట్టుకోండి.

న్యూయార్క్‌లో మేయర్ ఆ పెళ్లికూతురి తండ్రి. బడ్జెట్‌కు ఒప్పుకునే సిటీ కౌన్సిల్ ఇంటిపెద్దలు. 2025 జూలై 1న మొదలైన సంవత్సరానికి ఆ బడ్జెట్ దాదాపు 11,600 కోట్ల డాలర్లు. ఇంత ఖర్చుకు పుస్తకం రాసే మేనమామను ఆ తండ్రే పిలిచి కూర్చోబెడితే? నెల జీతం తండ్రి ఇస్తూ, రేపు పొమ్మనే హక్కు కూడా తండ్రి చేతిలోనే ఉంటే? గోనెలు లెక్కపెట్టడానికి మొహమాటపడతాడు. అందుకే అక్కడ మేనమామను పెళ్లికొచ్చిన బంధువులంతా కలిసి ఎన్నుకుంటారు. మేయర్ ఆయన్ని తీసెయ్యలేడు.

ఇక ఆ సంచీ దగ్గర పని ఎలా జరుగుతుందో చూడండి. నగరంలో ఏదో శాఖ ఒక కంపెనీతో ఒప్పందం రాసుకుంటుంది. ఆ కాగితం కంప్ట్రోలర్ దగ్గర నమోదు కావాలి. అందాకా ఒక్క డాలరు కూడా కదలదు. చూడటానికి 30 రోజుల గడువు. ఆయన చూసేవి: ఆ పద్దుకు బడ్జెట్లో డబ్బుందా, కావలసిన ధ్రువపత్రాలన్నీ జతచేశారా, ఆ కంపెనీ నిషేధపు జాబితాలో ఉందా. లంచం వాసన తగిలితే అభ్యంతరం రాసి కాగితం వెనక్కి పంపవచ్చు. అయినా సరే కానివ్వమని మేయర్ రాసిస్తే పని ముందుకే పోతుంది. 2023లో ఇలాంటిదే అయింది. వలస వచ్చినవాళ్ల బాగోగులు చూడటానికి డాక్‌గో అనే కంపెనీకి ఇచ్చిన 43.2 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని లాండర్ వెనక్కి పంపాడు, అప్పటి మేయర్ ఆడమ్స్ ఒప్పుకోకుండా ముందుకు నడిపించాడు. మరి అభ్యంతరం వల్ల ఒరిగిందేమిటి అంటావేమో చిన్నా. కారణాలు కాగితం మీద పడ్డాయి, పత్రికలకెక్కాయి, సంతకం ఎవరిదో ఊరందరికీ తెలిసింది.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. శాఖలు కాగితాలు ఆలస్యంగా పంపుతాయి. ముసలివాళ్లకు అన్నం పెట్టే చిన్న సేవాసంస్థ పని మొదలుపెట్టేస్తుంది, నమోదు నెలల తరవాత అవుతుంది. ఈలోపు వంటవాళ్లకు జీతాలివ్వడానికి ఆ సంస్థ వడ్డీకి అప్పు తెచ్చుకోవాలి. కాబట్టి కాపలా గట్టిగా ఉంటే చాలదు, కాగితం వేగంగా కూడా నడవాలి.

రెండో పని తనిఖీ. ప్రతి శాఖలోనూ ఏదో ఒక వ్యవహారాన్ని నాలుగేళ్లకు ఒకసారైనా తనిఖీ చెయ్యాలని నగరపు మూల చట్టమైన చార్టర్‌లోనే రాసుంది. వేల బిల్లులుంటే అన్నీ చూడలేరు, కొన్నిటిని ఏరతారు. ఒక్కోదానికి మూడు కాగితాలు పక్కపక్కన పరుస్తారు: ఆర్డరు, సరుకు ముట్టిన రసీదు, బిల్లు. మూడింట్లోనూ సంఖ్య ఒకటేనా? ఆర్డరు కంటే ముందు తేదీతో రసీదు ఉందా? ఉంటే సరుకు ముందు తెచ్చేసుకుని కాగితం తరవాత పుట్టించారన్నమాట. ఒక మొత్తం దాటితే టెండరు పిలవాలనే నియమం ఉంటుంది. దానికి రవ్వంత తక్కువలో, ఒకే దుకాణానికి, ఒకే వారంలో నాలుగు బిల్లులు కనిపిస్తే పెద్ద పనిని ముక్కలు కోశారని అనుమానించాలి. దొరికిందంతా ముసాయిదాగా రాసి ముందు ఆ శాఖకే పంపుతారు. వాళ్ల జవాబు, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, చివరి నివేదికలోనే అచ్చవుతుంది. ఈ మర్యాద నాకు చాలా నచ్చుతుంది. ఎదుటివాడి మాట కూడా అదే పుస్తకంలో ఉంటే చదివేవాడు తనంతట తాను తేల్చుకుంటాడు.

పుస్తకం ఎన్నాళ్లో తెరవకపోతే ఏమవుతుందో చెప్పడానికి సిటీటైమ్ కథ చాలు. ఉద్యోగులు పనిగంటలు దొంగలెక్క రాయకుండా పట్టుకోవడానికని 1998లో ఒక కంప్యూటర్ ఏర్పాటు మొదలుపెట్టారు. అంచనా 6.3 కోట్ల డాలర్లు. పెరిగి పెరిగి 60 కోట్లు దాటింది. దొంగ గంటలు పట్టే యంత్రం కట్టడానికే దొంగ గంటలు రాశారు! 2012లో ఆ పని చేసిన గుత్తేదారు కంపెనీ 50 కోట్ల డాలర్లకు పైగా వెనక్కి కట్టింది.

పెళ్లిలో ఇంకొకటి ఉంటుంది, పెళ్లికూతురి నగల పెట్టె. అది ఖర్చు డబ్బు కాదు, తాళం మాత్రం మేనమామ దగ్గరే. న్యూయార్క్‌లో టీచర్లు, పోలీసులు, అగ్నిమాపకులు, ఇతర ఉద్యోగుల పింఛను నిధులు ఐదున్నాయి. వాటిని భద్రపరచి పెట్టుబడి పెట్టించేది కంప్ట్రోలర్ ఆఫీసే. 2025 నాటికి అవి సుమారు 30 వేల కోట్ల డాలర్లు, నగరం ఏడాది ఖర్చుకు రెండింతల పైమాట. ఎక్కడ పెట్టాలో ఒక్కో నిధికీ ఉన్న ట్రస్టీల బోర్డు తేలుస్తుంది. ఏటా 7 శాతం పెరుగుతుందని లెక్క కట్టుకుంటారు. అంత పెరగకపోతే? టీచరమ్మ పింఛను తగ్గించడానికి వీల్లేదు. లోటంతా నగరం తన బడ్జెట్లోంచి ఏళ్లమీద పూడ్చాలి, అంటే పార్కుకో లైబ్రరీకో తగ్గుతుంది.

ఇవి కాక నగరం మీద నష్టపరిహారం అడిగేవాళ్ల కాగితాలూ ఆయన దగ్గరికే వస్తాయి. చెత్త లారీ గుద్ది దెబ్బ తగిలితే 90 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, గడువు దాటితే చాలా కష్టం.

ఇప్పుడు 1975 సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి. చదివింపులు రెండు లక్షలు వస్తాయని ముందే రాసేసుకుని, ఆ ధీమాతో షావుకారు దగ్గర అప్పు తెచ్చి వంటాయనకు ఇచ్చారనుకోండి. తీరా వచ్చింది ఎనభై వేలు. ఆ అప్పు తీర్చడానికి ఇంకో షావుకారు. నగరం చేసింది అచ్చం ఇదే. వస్తాయో రావో తెలియని పన్నులూ గ్రాంట్లూ వచ్చేస్తాయని చూపించి కొద్ది నెలల్లో తీర్చాల్సిన, నోట్లనే పత్రాల మీద అప్పు, దాన్ని తీర్చడానికి మళ్లీ నోట్లు. పైగా వంతెనలకీ బడులకీ అని తెచ్చే దీర్ఘకాలపు అప్పులోంచి రోజువారీ ఖర్చులు. వంతెన ముప్పై ఏళ్లుంటుంది, ముప్పై ఏళ్లు తీర్చినా న్యాయమే. ఈ నెల జీతం వచ్చే నెలకు మిగలదు, దాని అప్పు మాత్రం మనవల దాకా పోతుంది. ఆ వసంతంలో బ్యాంకులు ఆ నోట్లు ఇక కొనబోమని చెప్పేశాయి. వేల మంది ఉద్యోగాలు పోయాయి. సబ్‌వే టికెట్టు 35 సెంట్ల నుంచి 50కి పెరిగింది. 1847 నుంచి ఉచితంగా చెప్పిన నగరపు కాలేజీ చదువుకు 1976లో ఫీజు పెట్టారు. 1975 అక్టోబర్ 17న అప్పు తీర్చాల్సిన గడువు ముంచుకొస్తుంటే చివరి గంటల్లో టీచర్ల పింఛను నిధి బాండ్లు కొని గట్టెక్కించింది. అంటే నగల పెట్టె తెరవాల్సి వచ్చింది.

విచిత్రమేమిటంటే అప్పుడు మేయరుగా ఉన్న ఏబ్ బీమ్ అంతకుముందు రెండుసార్లు కంప్ట్రోలర్, చదువుకు అకౌంటెంటే. కాబట్టి బుజ్జీ, పరీక్ష పాసైనవాణ్ని పెడితే చాలు అన్న నీ మాటకు జవాబు కొంత ఇక్కడుంది. నగరం అప్పుల్లో మునిగింది ఆయనకు లెక్కలు రాక కాదు.

ఓట్లతోనూ ఒక తిరకాసు ఉంది, దాచను. మేనమామకు తండ్రి కుర్చీ మీద కన్ను పడుతుంది. థాంప్సన్ 2009లో, లియు 2013లో, స్ట్రింజర్ 2021లో, లాండర్ 2025లో, కంప్ట్రోలర్ పని చేసినవాళ్లంతా వరసగా మేయర్‌కు పోటీ చేసినవాళ్లే, ఓడినవాళ్లే. మేయర్ మీద గట్టి నివేదిక వస్తే అది ఊరి కోసమా, కుర్చీ కోసమా అని జనం అనుమానించక మానరు. మన దేశం ఇదే మొహమాటానికి వేరే మందు వేసింది. ప్రభుత్వ పద్దులు తనిఖీ చేసే కాగ్‌ను రాష్ట్రపతి నియమిస్తారు గానీ తొలగించాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తొలగించినంత తతంగం కావాలి. నన్నడిగితే రెండూ ఫరవాలేదు, నివేదిక అందరికీ అందేలా ఉంటే.

ఎన్నిక ఎలా నడుస్తుందో క్లుప్తంగా చెబుతాను. పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికను ప్రైమరీ అంటారు. అందులో నిలబడాలంటే 3,750 చెల్లే సంతకాలు కావాలి. పోటీదార్లు మూడింతలు పోగేస్తారు, ఎందుకంటే ఎదుటివాళ్ల లాయర్లు వేరే పార్టీవాడి సంతకం, చిరునామా తప్పు అంటూ ఒక్కొక్కటీ కొట్టేయిస్తారు. అర్హత తెచ్చుకున్న పోటీదారుకు నగరవాసి ఎన్నికల ఖర్చుకు 10 డాలర్లు చందా ఇస్తే నగరం 80 కలుపుతుంది, మనిషికి మొదటి 250 డాలర్ల వరకే. ప్రైమరీలో ఓటరు మొదటివారు, రెండోవారు అంటూ ఐదుగురి దాకా వరస ఇవ్వవచ్చు. ఎవరికీ సగం దాటకపోతే అడుగునున్నవాణ్ని తీసేసి, అతని ఓట్లు ఆయా కాగితాల్లో తరవాత రాసిన పేరుకు చేరుస్తారు. 2021లో డెమోక్రాట్ల తరఫున పదిమంది పోటీ చేస్తే ఇలాగే లాండర్ గెలిచాడు. ఐదు గడుల్లోనూ ఒకడికే నింపితే ఒక్క ఓటే. ఒకే స్థానానికి ఇద్దరికి గడులు నింపితే అక్కడి నుంచి ఆ కాగితం చెల్లదు. క్వీన్స్‌లో బ్యాలెట్ కాగితం మీద మన దేశపు భాషల్లో బెంగాలీ ఉంటుంది.

ఇంతవరకూ చదివారుగా, ఇక లేవండి. న్యూయార్క్ పద్దులు చూడాలంటే చెక్‌బుక్ ఎన్‌వైసీ అనే చోట ఏ శాఖ ఎవరికి ఎంత కట్టిందో వెతకవచ్చు, మీ నాన్న ఫోన్లో వస్తుంది. కానీ ముందు మన వీధి చివరి సీసీ రోడ్డు దగ్గరికి వెళ్లండి. పని పేరు, అంచనా, పొడవు, వెడల్పు రాసిన బోర్డు ఉందేమో చూడండి. చిన్నా టేపు ఒక కొన పట్టుకో, బుజ్జి రెండో కొన. పొడవు ఒకసారి, వెడల్పు మూడుచోట్ల కొలవండి, అంచు దగ్గర విరిగినచోట మందం కూడా. నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. తేడా ఉంటే పంచాయతీ కార్యదర్శిగారిని మర్యాదగా అడగండి, పని కొలతలు రాసే ఎం-బుక్కులో దీనికి ఎంత రాశారండీ అని. చూపించకపోతే మీ అమ్మ చేత సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి. గ్రామస్థాయిలో దానికి రుసుము లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. కొలతలు నాకు రాసి పంపేటప్పుడు దిద్దుళ్లు చెయ్యకండి.

మీ
తాతయ్య