కర్ర ఏ చేత్తో పట్టాలి?

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మన పెద్దవాళ్లలో తుంటి కీలు అరిగినవాళ్లను నడకను బట్టే పోల్చుకోవచ్చు. నొప్పి కాలు మోపినప్పుడల్లా ఒళ్లంతా అటే ఒరుగుతుంది. చేతికర్ర ఉన్నా, చాలామంది దాన్ని నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు. పట్టాల్సింది రెండో చేత్తో.

నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ ఓ క్షణం ఒంటికాలి మీదే ఉంటాం. అప్పుడు కటి (నడుము కింది ఎముకల చట్రం) రెండోవైపు జారిపోకుండా పిర్ర పక్కనున్న కండరాలు బిగుసుకుని పట్టి ఉంచుతాయి. ఒంటి బరువు కీలుకు దూరంగానూ, ఈ కండరాలు దగ్గరగానూ ఉంటాయి కాబట్టి అవి ఆ బరువును మించిన బలంతో లాగాలి. బరువూ, ఈ లాగుడూ కలిసి కీలు మీద పడే ఒత్తిడి శరీర బరువుకు రెండున్నర నుంచి మూడింతలు. 60 కిలోల మనిషికి 150 నుంచి 180 కిలోలన్నమాట! కర్ర ఎదుటి చేతిలో ఉంటే ఆ పనిలో కొంత అది పంచుకుంటుంది.

వ్యాయామ చికిత్స గురి కూడా ముఖ్యంగా ఈ కండరాలే. కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి పొర, అంటే మృదులాస్థి, అరిగితే దానివల్ల మళ్లీ పెరగదు. అలాగని మంచం పడితే మేలూ లేదు. మృదులాస్థిలో రక్తనాళాలుండవు. బరువు పడి, తగ్గుతుంటేనే కీలులోని ద్రవం అందులోకి వెళ్లి వస్తూ పోషిస్తుంది. పైగా కదలకపోతే కండరాలు సన్నబడి, ఒరుగుడు ఇంకా పెరుగుతుంది.

అభ్యాసాలు మామూలువే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, గోడ పట్టుకుని నిలబడి కాలు పక్కకు చాపడం, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవడం. వారానికి రెండు మూడు రోజుల చొప్పున రెండు మూడు నెలలు చేయాలి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాటికీ తగ్గకపోతే మోతాదు తగ్గించాలి. చాప మీద భోజనం, ముగ్గేయడం, గొంతుక్కూర్చోవడం మానలేని ఇళ్లలో పీట వేసుకున్నా కీలుకు కొంత ఊరట.

ఎంత మేలు? పాత ప్రయోగాలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2014 నాటి సమీక్షలో 100కి నొప్పి సుమారు 8 పాయింట్లు తగ్గింది. అదే ఏడు ఆస్ట్రేలియాలో కొందరికి ఫిజియోథెరపీ, కొందరికి స్విచ్ వేయని అల్ట్రాసౌండ్ యంత్రం, ఉత్త జెల్ ఇచ్చి చూస్తే ఫలితం ఇద్దరికీ ఒకటే! తైలం మర్దనాను నమ్మేవాళ్లు నవ్వుకోవచ్చు. నా మటుకు నాకు వ్యాయామం చిన్న మేలే, కానీ ఖర్చులేని మేలు. బాగా అరిగిపోయాక మాత్రం ఆపరేషన్‌కు అది సాటిరాదు. 2024లో వెలువడిన డెన్మార్క్ పరిశోధకుల ప్రయోగంలో, 48 మార్కుల తుంటి కొలతలో ఆరు నెలలకు కీలు మార్చినవాళ్లు దాదాపు 16 మార్కులు మెరుగైతే, కండరాల శిక్షణ పొందినవాళ్లు నాలుగున్నరే.

ఇంకో చిక్కుంది. తుంటి నొప్పి గజ్జల్లో తెలుస్తుంది, ఒక్కోసారి మోకాల్లోనే తెలుస్తుంది. రెండు కీళ్లకూ కొన్ని నరాలు ఉమ్మడి మరి. మోకాలి ఎక్స్‌రే బాగున్నా నొప్పి పోకపోతే తుంటినీ చూపించాలి. కోరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉంది. అది తొడ ఎముక తలకు రక్తం అందకుండా చేసి, పాతికేళ్లవాళ్లకూ తుంటి కుంగదీయగలదు. అలాంటివాళ్లకు వ్యాయామం కన్నా ముందు డాక్టరు పరీక్ష కావాలి. తొలిదశలో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, ఎమ్మారై తీస్తేనే బయటపడుతుంది.