క్లాస్ లీడర్ ఎన్నిక గురించి తాతయ్య ఉత్తరం

చిట్టీ, బుజ్జిగా,

మీ క్లాస్ లీడర్ ఎన్నిక గొడవంతా మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. లెక్కకొచ్చిన 40 ఓట్లలో ఒకడికి 16, మిగతా ఇద్దరికి 13, 11. "24 మంది వద్దన్నవాడు ఎలా గెలిచాడు తాతయ్యా?" అని అడిగావటగా బుజ్జీ, మంచి ప్రశ్నే. మన ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికలూ ఇంతే. సగం దాటాలన్న రూలు లేదు, రెండోవాడి కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు.

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఇలా కాదు. ఎవరు కావాలో వాళ్ళకు 1, వాళ్ళు కాకపోతే ఎవరో వాళ్ళకు 2, అలా అంకెలు వేసుకుంటూ పోతారు. మీ క్లాసులో అలా చేస్తే 40 ఓట్లలో 21 రావాలి. ఎవరికీ రాలేదు కాబట్టి 11 వచ్చినవాణ్ణి తప్పించి, ఆ 11 చీటీల్లో 2 ఎవరికుందో చూస్తారు. 9 మంది 13 వాడికి, ఇద్దరు 16 వాడికి వేసుంటే? 22, 18. గెలిచేవాడే మారిపోయాడు, ఒక్కరూ మనసు మార్చుకోకుండానే!

నాకైతే ఈ పద్ధతే ఇష్టం, కానీ దీని బాధలు దీనికున్నాయి. 2021లో వరంగల్-ఖమ్మం-నల్గొండ స్థానానికి 71 మంది నిలబడితే బ్యాలెట్ పేపరు దుప్పటంత అయింది, లెక్కింపు రోజుల తరబడి సాగింది, 20 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. ఓటేసినవాళ్ళంతా డిగ్రీ చదివినవాళ్ళే సుమా! అక్కడిచ్చిన వంగపండు రంగు స్కెచ్ పెన్నుతో అంకె మాత్రమే వేయాలి, టిక్కు పెట్టినా సంతకం చేసినా అంతే సంగతులు.

చదువు రానివాళ్ళే ఎక్కువగా ఉన్న 1952లో ఇంకో ఉపాయం చేశారు. అభ్యర్థికో పెట్టె, దాని మీద గుర్తు. పేపరు మీద ఏమీ రాయక్కర్లేదు, నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావడమే. ఎంత తేలికో చూడండి, కాకపోతే అన్ని పెట్టెలు మోయలేక చచ్చుంటారు. తర్వాత అందరి పేర్లూ గుర్తులూ ఒకే కాగితం మీదికొచ్చి, స్వస్తిక్ ముద్ర వేయడం మొదలైంది. ఆ ముద్రే ఎందుకంటే, తడి సిరాతో కాగితం మడిస్తే అవతలి గడిలోనూ అచ్చు పడుతుంది కదా, అది అద్దంలోలా తిరగబడి ఉంటుంది కాబట్టి అసలు ఏదో, అంటుకున్నది ఏదో అధికారికి తెలిసిపోతుంది. నాకు పోలింగ్ డ్యూటీలో ఒక పెద్దాయన చెప్పేదాకా ఈ సంగతి తెలియదు.

అన్నట్టు, మీ క్లాసులో "సాయి" అని రాసిన రెండు చీటీలు ఏ సాయికో తెలియక పక్కన పెట్టేశారటగా. పెద్దవాళ్ళ ఎన్నికల్లోనూ ఒకే పేరున్నవాళ్ళతో ఇదే తంటా, అందుకే 2015 నుంచి బ్యాలెట్ మీద ఫొటో కూడా వేస్తున్నారు. వచ్చేసారి మీ టీచర్‌ని అడిగి ఖాళీ చీటీలు కాకుండా పేర్లు, ఇంటిపేర్లతో సహా రాసినవి పంచమనండి. అంకెల పద్ధతి పెడితే మాత్రం చీటీలన్నీ దాచి ఉంచండి, సెలవులకు వచ్చినప్పుడు నేనూ ఒకసారి లెక్కపెట్టి చూస్తాను.

మీ తాతయ్య